మైకులో మనవరాలి పేరు

మా మనవరాలు పరీక్ష హాల్లోంచి గంటకే లేచి వచ్చేసిందని తెలిసిన సాయంత్రం నేను దాన్ని తిట్టిన తిట్లన్నీ ఇక్కడ రాయను. ఒక్కటి మాత్రం రాస్తాను, దానికే అది జవాబు చెప్పింది కాబట్టి.

"మూడు గంటల పరీక్షకు గంట కూర్చోనొస్తావా? మిగతా రెండు గంటలు ఎవురికి దానం చేసొచ్చినావు?"

నెల్లూరు నుంచి గూడూరు, గూడూరు నుంచి వాకాడు, రెండు బస్సులు మారి వచ్చి అప్పుడే అరుగు మీద కూర్చుంది. చెప్పులు కూడా విప్పలేదు.

"పేపరు తెరవంగానే అయ్యగారి గొంతు ఇనబడిందవ్వా," అన్నది. "మైకులో నా పేరు చదివినట్టే ఉండింది. రెండుసార్లు తప్పిన బిడ్డ, రెండుసార్లు తప్పిన బిడ్డ అని. చేతులు వణికినాయి. పెన్ను నిలవలా. లేచొచ్చేసినా."

అయ్యగారంటే మా పాస్టరు. మైకంటే మా చర్చి డాబా మీదున్న మైకు. ఆ మైకులోకి దాని పేరు ఎక్కించింది నేను.

ఆ పిల్ల నా కొడుకు కూతురు. చదివేది సి.ఏ. అందులో మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టు ఒక్కసారికే ఎక్కింది. రెండో మెట్టులో తొలి గ్రూపు దగ్గర ఆగిపోయింది. మూడు పేపర్లు, రోజు మార్చి రోజు, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా. ఒక్కోదాంట్లో నలభై రావాలి, మూడూ కలిపి సగం రావాలి. మొదటిసారి మూడింట్లోనూ నలభై దాటింది గాని మొత్తం మీద సగానికి తొమ్మిది మార్కులు తక్కువ పడ్డాయి. అన్నిట్లో గట్టెక్కిన పిల్ల మొత్తంగా ఎట్లా తప్పుతుందో మా వీధిలో ఒక్కరి బుర్రకూ ఎక్కలేదు. "పిల్ల మీకు సరిగ్గా చెప్తాందో లేదో చూసుకోండి," అని నా మొహం మీదే అన్నవాళ్ళున్నారు. రెండోసారి ఒక పేపరు పోయింది.

అప్పుడు నేను చేసిన పని ఇది. మా సంఘంలో ఆదివారం పాటలయ్యాక అయ్యగారు ఒక పొడుగాటి నోటుపుస్తకం తెరిచి ప్రార్థన మనవులు చదువుతారు. ఎవరు ఆస్పత్రిలో ఉన్నారు, ఎవరికి సంబంధం కుదరలేదు, ఎవరి గుంటలో రొయ్యలకు తెగులు తగిలింది, అన్నీ పేరు పెట్టి చదువుతారు. కోచింగు, హాస్టలు, పుస్తకాలు, ఏది ముట్టుకున్నా ఖర్చే. ఖర్చు లేని సాయం ఇదొక్కటే గదా అనుకుని పోయి దాని పేరు రాయించాను. దాన్ని అడగలేదు. పిల్లదాన్ని అడిగేదేముంది అనుకున్నాను.

అయ్యగారు మంచివాడే. మంచివాడు కాబట్టి మరవకుండా వారం వారం చదివాడు. "సి.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పిన మన సంఘపు బిడ్డ" అని ముందు చెప్పి, తరువాత పేరు చెప్పేవాడు. ఆ మైకు చర్చిలో కూర్చున్నవాళ్ళకే వినపడితే బాగుండేది. బస్టాపు దగ్గర టీ కొట్టు దాకా వినపడుతుంది. చర్చికి రాని రెడ్ల ఇళ్ళకు వినపడుతుంది. పెరుగు పోసే ఆమె, ఆటో అతను, రొయ్యల గుంటల్లో నా కొడుకుతో పనిచేసేవాళ్ళు, అందరి నోటా ఒకటే మాట, "మీ పిల్లది ఇంకా అవలేదా?" చిట్టమూరులో ఉన్న మా బంధువు ఒకామె పనిగట్టుకుని ఫోన్ చేసి ఏ సబ్జెక్టు తప్పిందో కనుక్కుంది. ఆ సబ్జెక్టు పేరు ఆమెకు పలకడం కూడా రాదు.

ఇది చాలదన్నట్టు నా కోడలు ఉపవాసం పట్టింది. ముందు శుక్రవారాలు. పరీక్షకు నెల ముందు నుంచి దినానికి ఒకపూటే. పిల్ల సెలవుకు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే, తల్లి ఖాళీ చేతులతో ఎదురుగా కూర్చుని చూసేది. పిల్ల కంచం ఎత్తుకుని పెరట్లోకి పోయి అన్నం కోళ్ళకు వేసేది. అది చూసి నేను దాన్నే తిట్టాను. బియ్యం విలువ తెలియదా అన్నాను. ముద్ద గొంతు దిగడం లేదని నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం అరుగు మీద అది చెప్పిన మాట విన్నాక నా కోపం దాని మీద నుంచి లేచిపోయింది. న్యాయంగా నా మీదికి రావాలి. రాలేదు. మైకు మీదికి, నోటుపుస్తకం మీదికి, చర్చిలో తెల్లచీరలు కట్టుకుని తలూపే ఆడవాళ్ళ మీదికి పోయింది. నా మీదికి రావడానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది.

మళ్ళీ పరీక్షకు నాలుగు నెలలు. హాస్టలు ఖాళీ చేసి ఇంటికి వచ్చేసింది. ఈసారి ఫీజు కడతానని అనలేదు, కట్టనని అనలేదు. "హాల్లో కూర్చోగలనో లేదో నాకే తెలియదవ్వా," అన్నది. ఇక పాసా ఫెయిలా అన్నది తరువాతి మాట. అది లేచి వచ్చింది మూడో పేపరు రోజు; ఈసారి ఆ రోజు ఆ కుర్చీలో అయిదు గంటల దాకా కూర్చోగలదా లేదా, అదే మా ఇంట్లో అసలు ప్రశ్న అయింది. నేనూ దాన్నే చూశాను, తక్కినవి చూడలేదు.

చూస్తే పిల్ల సగమైంది. దువ్వెన పెడితే వెంట్రుకలు చుట్టలుగా వచ్చేవి. గోళ్ళు కండ దాకా కొరికేసింది. పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని గడియారం చూసుకుంటూ రాసే రోజు పొద్దున్నే వాంతి. దాని స్నేహితురాళ్ళు ఫోనులో వీడియోలు పంపేవాళ్ళు. ఒకాయన కళ్ళు మూసుకుని కూర్చుని ఊపిరి పీల్చండి, వదలండి అంటాడు. పుట్టినప్పటి నుంచి అందరం చేస్తున్న పనే, దాన్ని చెప్పడానికి ఆయనకు ఒక మెత్త, వెనకాల పూలకుండీ. ఇంకొకతను ఒత్తిడిని ప్రేమించండి అన్నాడు. వాంతి చేసుకుంటున్న పిల్లతో ఆ మాట చెప్పేవాడు నా చేతికి దొరకాలి. ఫోను తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇస్తాను, సాయంత్రం మళ్ళీ తీసుకుంటాను అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ అనుకున్నాను.

నాకు వైద్యం తెలియదు. పని చెప్పడం తెలుసు. పొద్దున చదువు, పన్నెండున్నరకు నాతో కూర్చుని అన్నం, తల్లి ఎదురుగా కాదు, ఆమె ఉపవాసం ఇంకా మానలేదు. మళ్ళీ చదువు. నాలుగు కొట్టగానే పుస్తకం మూసి నాతో సరుగుడు తోపుకు రావాలి. సముద్రం గట్టున ఆ తోపులో రాలిన ఎండుటాకు ఊడ్చి గంపలకెత్తుకొస్తే వేడినీళ్ళ పొయ్యికి వారం వస్తుంది, గ్యాసు మిగులుతుంది. "సి.ఏ. చదివే పిల్ల చేత ఆకు ఊడిపిస్తాందే," అని తోపులో ఆడవాళ్ళు నవ్వారు. "చదివే పిల్లకు చేతులుండవా?" అన్నాను.

మొదటి వారం చీపురు ఊరికే తిప్పింది. తరువాత ఒకరోజు ఊడుస్తూ ఊడుస్తూ దానంతట అదే పాఠం అప్పచెప్పడం మొదలుపెట్టింది. వస్తువు విలువలో అరుగుదల కింద ఏటా ఒకే మొత్తం కొట్టేయడం ఒక పద్ధతి, మిగిలిన విలువలో ఇంత వంతని కొట్టేయడం ఇంకో పద్ధతి అని.

"పడవ ఇంజనుకు ఏది?" అన్నాను.

"ఏదైనా వాడొచ్చవ్వా."

"ఏదైనా ఎట్టా వాడతారే? ఉప్పుగాలికి మొదటి ఏడే సగం పోతాది. తరువాత పోయేదానికి ఏముండాది దాంట్లో? నీ పుస్తకం రాసినోడు సముద్రం చూసినాడా?"

అది చీపురు పట్టుకుని నిలబడి నవ్వింది. నేను నవ్వించాలని అనలేదు, నిజంగానే ఒళ్ళు మండి అడిగాను. ఆ రోజు నుంచి రోజూ ఏదో ఒకటి చెప్పేది, నేను తగువు పెట్టుకునేదాన్ని. ఇంటికొచ్చి రెండు కంచాలు అన్నం తినేది. మూడు వారాలకు వాంతులు ఆగాయి.

అప్పుడొచ్చింది స్త్రీల కూడిక. నెలకొక ఇంట్లో జరిగే ప్రార్థన, ఆ నెల మా ఇంటి వంతు. కూడికను నడిపే పెద్దామె మా వీధిలోనే ఉంటుంది, వరసకు చెల్లెలు. పాటలయ్యాక ఆమె పిల్లను చాప మధ్యలో మోకరించమంది. అందరూ చుట్టూ చేరారు. ఆమె దాని తల మీద అరచెయ్యి బిగించి పెద్దగా అందుకుంది. ప్రభువా, ఈ బిడ్డ మూడుసార్లు తప్పింది, దీని సాటి పిల్లలంతా ఉద్యోగాలు చేసుకుంటున్నారు, దీని తల్లి కడుపు మాడ్చుకుంటోంది, దీని తండ్రి గుంటల్లో ఎండకు ఎండుతున్నాడు, దీనిలోని ఓటమిని గద్దించు తండ్రీ అని. దేవుడికి తెలియని సంగతులన్నట్టు ఒక్కొక్కటీ విప్పి చెప్పింది. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకోవడం నేను చూస్తున్నాను. ఆమె ఆమెన్ అనకముందే పిల్ల లేచి పెరట్లోకి పరుగెత్తింది. కక్కుకున్న చప్పుడు లోపలికి వినపడింది.

"మంచిదేలే అక్కా," అన్నది పెద్దామె చెయ్యి తుడుచుకుంటూ. "లోపలుండేది బయటికి పోయింది."

దాని లోపలున్నది మధ్యాహ్నం తిన్న పులుసన్నం. అది దాని కడుపులో నిలవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

"ఈపొద్దు టీ లేదు. పొయ్యి ఆర్పేసినా," అన్నాను. నేను పిసినారినని అందరికీ తెలుసు గనుక ఎవరూ నొచ్చుకోలేదు. దానికి ఇంకా మండింది నాకు. తిట్టినా తిట్టినట్టు తగలని మనుషులు.

శనివారం అయ్యగారి ఇంటికి పోయాను. ఆయన ఆదివారం ప్రసంగం రాసుకుంటున్నాడు.

"మనవుల పుస్తకంలో మా పిల్ల పేరు కొట్టేయండి అయ్యగారూ."

"పాసయ్యిందామ్మా?"

"లేదు. కొట్టేయండి."

ఆయన కళ్ళద్దాలు తీసి పెట్టాడు. "పేరు రాయించుకునేదానికి వచ్చినోళ్ళను చూసినా గాని, తీయించుకునేదానికి వచ్చినోళ్ళను ఇప్పుడే చూస్తాండానమ్మా. ప్రార్థన వద్దంటారా?"

"ప్రార్థన వద్దనలా. మైకు వద్దంటాండా. దేవుడికి మైకు లేకుంటే ఇనబడదా?"

"సంఘం కలిసి చేస్తే బిడ్డకు బలం గదా."

"బలం వచ్చిన పిల్ల హాల్లోంచి లేచి రాదు అయ్యగారూ. పేపరు తెరిస్తే మీ గొంతు ఇనబడతాందంట దానికి. మిమ్మల్ని తప్పు పట్టేదానికి రాలా. రాయించింది నేనే. నేనే వచ్చినా."

ఆయన లేచి పుస్తకం తెచ్చి, ఆ పేజీ వెతికి, పేరు మీద గీత కొట్టాడు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్నాడు. ముసలిదానికి తిక్క రేగిందని చెప్పండి అన్నాను.

ఆదివారం ఆయన మాట నిలుపుకున్నాడు. చదువుతూ చదువుతూ ఆ పేరు దాటిపోయాడు. నేను ఊపిరి పీల్చుకునే లోపలే పెద్దామె లేచి నిలబడింది. "అయ్యగారూ, మన సి.ఏ. బిడ్డ పేరు మరిచిపోయినారు," అన్నది. మైకు నడుస్తూనే ఉంది. పిల్ల తల దించుకుంది. మెడ వెనకదాకా ఎర్రబడింది.

అయ్యగారు నా వైపు చూశాడు. లేచాను. మోకాళ్ళు నొప్పని నాకు ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు, దాని వీపు పట్టుకుని నిలబడ్డాను.

"ఆయన మర్చిపోలా. నేను తీయించినా. ఆ పిల్ల చదువు ఆ పిల్లది. అదెన్నిసార్లు తప్పిందో దేవుడు లెక్క పెట్టుకోలా, మీరు పెట్టుకున్నారు. చేసేవాళ్ళు మీ ఇళ్ళల్లో చేసుకోండి, మీ మేలు మర్చిపోను. ఈడ మైకులో మాత్రం దాని పేరు ఎవురూ ఎత్తబాకండి. వీధిలో నిలబెట్టి అడగబాకండి."

ఇంకా చాలా అనాలని ఉంది. అయ్యగారు పాట ఎత్తుకున్నాడు, కూర్చున్నాను. కూర్చున్నాక ఒళ్ళంతా తేలికైంది. పిల్లకు పెద్ద బరువు దించేశానని లోపల గర్వపడ్డాను. అది ఇంటి దాకా నిలవలేదు.

దారిలో పిల్ల నా పక్కన నడవలేదు. పది అడుగుల ముందు నడిచింది. గుమ్మం దగ్గర తిరిగి నిలబడింది.

"ఇప్పుడు టీ కొట్టు దాకా తెలిసిపోయింది, నాకేందో అయ్యిందని. సంతోషమా?"

"నీ కోసమే గదే."

"రాయించేటప్పుడు నన్ను అడిగినావా? తీయించేటప్పుడు అడిగినావా? అమ్మ ఉపాసముండేటప్పుడు అడిగిందా? ఆ చిన్నవ్వ నా తల మీద చెయ్యి పెట్టేటప్పుడు అడిగిందా? పరీక్ష రాసేది నేను. నన్ను తప్ప అందరినీ అడిగినారు మీరు."

నన్ను అట్లా ఎదిరించి మాట్లాడినవాళ్ళు నా ఇంట్లో లేరు. చెయ్యి లేవబోయింది. లేవలేదు. నా మీదికి రావలసిన కోపం అప్పుడొచ్చింది, ఆ గుమ్మం దగ్గర. పెద్దామె చేసినదానికీ నేను చేసినదానికీ తేడా వెతికాను. ఆమె చెయ్యి తల మీద పెట్టింది, నేను పెట్టలేదు. అంతకుమించి దొరకలేదు.

లోపలికి పోయి నీళ్ళు తాగి బయటికొచ్చి అడిగాను. దాన్ని ఒక సంగతి అడగడం అదే మొదలు. "నీకేం కావాలో చెప్పు."

నమ్మలేనట్టు చూసింది. తరువాత వేళ్ళు మడుస్తూ చెప్పింది. "అమ్మ నా ముందర తినాల. పరీక్షకు నేనొక్కదాన్నే పోవాల. ఆ మూడు పేపర్ల రోజులూ మీరెవురూ ఫోన్ చేయబాకండి. కావాలంటే నేనే చేస్తా."

మూడింట్లో కష్టమైంది మొదటిదే. కోడల్ని కూర్చోబెట్టి చెబితే ఏడ్చింది.

"నాకు ఇంగ్లీషు రాదు, ఆ లెక్కలు రావు. దానికోసం నేను చేయగలిగేది ఇదొక్కటే అత్తా. ఇది కూడా వద్దంటే తల్లినని ఎట్టా చెప్పుకునేది?"

ఆమెకున్న ఒక్క పనిముట్టునూ నేను లాక్కుంటున్నాను. అయినా గొంతు మెత్తబరచలేదు. మెత్తబడితే నేనూ ఏడుస్తాను, ఇక ఆ పని జరగదు. "నువ్వు ఆకలితో ఉంటే అది తినదు. తినకుంటే ఆ కుర్చీలో కూర్చోలేదు. నీ ఉపవాసం నాకొద్దు, కంచం తెచ్చుకో," అన్నాను. తెచ్చుకుంది. ఆ మధ్యాహ్నం తల్లీబిడ్డలు ఎదురెదురుగా కూర్చుని తిన్నారు, ఒకరి కళ్ళలోకి ఒకరు చూడకుండా. పిల్ల తన కంచంలోని చేపముక్క తీసి తల్లి కంచంలో పెట్టింది.

పరీక్షకు పిల్ల ఒక్కతే పోయింది, నెల్లూరులో స్నేహితురాలి గదిలో ఉంది. మొదటి పేపరు రోజు ఫోన్ రాలేదు. రెండో పేపరు రోజూ రాలేదు. నా కొడుకు రెండుసార్లు ఫోన్ తీశాడు, రెండుసార్లు చేతిలోంచి లాక్కున్నాను. మూడో పేపరు రోజు, పోయినసారి అది లేచి వచ్చిన రోజు, మూడు గంటలకు నేను తోపుకు పోయాను. గంట ముందే పోయాను. ఫోను నడుముకు దోపుకున్నాను. లేచి వచ్చేస్తే మూడున్నరకు చేస్తుంది. ఊడ్చిన చోటే ఊడ్చాను. ఆ గంటలో నాకు గుర్తొచ్చిన ప్రతి మనిషినీ తిట్టుకున్నాను. మైకును, వీడియోలాయనను, అన్నీ పాసైనా తప్పించే ఆ మార్కుల లెక్క పెట్టినవాళ్ళను, నన్ను. నాలుగైంది. నాలుగున్నరైంది. ఫోను మోగలేదు.

అయిదుంపావుకు మోగింది.

"అవ్వా, గంట కొట్టేదాకా కూర్చున్నా. చివరి ప్రశ్న సగంలో ఉండగా లాక్కున్నారు."

"వణికినాయా చేతులు?"

"వణికినాయి. అట్టనే రాసినా."

ఎట్లా రాశావని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "సరే. చీకటి పడకముందే గూడూరు బస్సెక్కు," అని పెట్టేశాను. ఆ రోజు గంప నిండకుండానే ఇంటికొచ్చాను, నా జీవితంలో అట్లా ఎప్పుడూ రాలేదు.

మరుసటి ఆదివారం చర్చి మెట్ల మీద పెద్దామె నన్ను పట్టుకుంది. "ఈసారన్నా అవుతాదా అక్కా?"

"దాన్ని అడుగు. చెప్తే విను. చెప్పకుంటే గమ్మునుండు."

"ఏందక్కా, మేము పరాయోళ్ళమా?"

"పరాయోళ్ళయితే ఈపాటికి మర్చిపోయుందురు," అన్నాను. ఆమె మొహం మాడ్చుకుని పోయింది. ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. అందుకు నాకేమీ బాధ లేదు.

ఫలితాలు వచ్చి కొంతకాలమైంది. ఇది రాయడానికి కూర్చునేముందు పిల్లను అడిగాను, ఏది రాయొచ్చు ఏది రాయకూడదు అని. అది బట్టలు ఆరేస్తోంది. తీగ మీది నుంచి చెయ్యి తీయకుండానే చెప్పింది.

"లేచొచ్చింది రాయి. కూర్చున్నది రాయి. ఈసారి వచ్చిన మార్కులు రాయబాక."

రాయడం లేదు.